కాన్వెంటు చదువు: ఏ మెట్టులో ఏమి నేర్పుతారు?

కంబదూరు: జూన్ నెల రాగానే మెట్ట రైతు ఇంటి ముందు రెండు ఖర్చులు ఒకేసారి వచ్చి నిలబడతాయి. ఒకటి విత్తన వేరుశనగ. రెండవది పిల్లల బడి ఫీజు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వానను నమ్ముకున్న ఈ నేలపై విత్తనం మొలుస్తుందో లేదో తెలియకపోయినా విత్తక తప్పదు. బడి ఫీజు సంగతీ దాదాపు అంతే. ఉత్తరాన కళ్యాణదుర్గానికీ, దక్షిణాన కర్ణాటకలోని పావగడకూ నడుమ ఉన్న కంబదూరు మండలంలో పిల్లలను కాన్వెంటులో చదివించాలన్న కోరిక లేని ఇల్లు తక్కువే. వాన తప్పిన ఏడాది బెంగళూరుకు కూలికి పోయిన దంపతులు సైతం పిల్లలను అవ్వాతాతల వద్ద ఉంచి ఫీజు డబ్బు పంపుతున్నారు.

విత్తనం కొనేటప్పుడు రైతు కాయ ఒలిచి పప్పు చూస్తాడు. బరువు చూస్తాడు, పుచ్చు చూస్తాడు. బడిలో చేర్చేటప్పుడు మాత్రం భవనం చూస్తాడు, టై, బెల్టు చూస్తాడు. లోపల పిల్లవాడు ఏ తరగతిలో ఏమి నేర్చుకోవాలో అడిగి తెలుసుకునే తల్లిదండ్రులు అరుదు. ‘మేము చదువుకోలేదు కదా, ఏమని అడిగేది?’ అన్నదే వారి సంకోచం. ‘సిస్టర్ల బడి’గా, ‘ఫాదర్ బడి’గా మన ప్రాంతంలో పిలువబడే కథోలిక పాఠశాలల్లో శిశు తరగతి నుంచి పదవ తరగతి వరకు ఏ దశలో ఏమి నేర్పుతారు, మతబోధ ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు, అక్షరం రాని తల్లి సైతం బిడ్డ చదువును ఎట్లా పరీక్షించవచ్చు అన్న విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులో కాన్వెంటు... బడిలో లేదు

మొట్టమొదట ఒక అపోహ తొలగాలి. కాన్వెంటు అంటే సన్యాసినులు నివసించే మఠం. మఠకన్యలు తమ మఠం పక్కనే ఆంగ్ల బడులు నడపడం వల్ల ఆ బడులకు ఆ పేరు వచ్చింది. 1980ల తరువాత ఊరూరా వెలసిన ఇంగ్లీషు మీడియం బడులన్నీ ఆ పేరును అరువు తెచ్చుకున్నాయి. పునీతుల పేర్లు కూడా అట్లాగే బోర్డులకెక్కాయి. ‘సెయింట్’ అని బోర్డు ఉన్నంత మాత్రాన అది చర్చి నడిపే బడి కాదు. కొన్నింటి యజమానులకు ఆ పునీతుడు ఎవరో కూడా తెలియదు! ఇందులో తప్పేమీ లేదు, మంచి బడులూ ఉన్నాయి. కానీ ‘సిస్టర్ల క్రమశిక్షణ’ ఉంటుందన్న నమ్మకంతో ఫీజు కట్టేవారు ముందు నిజం తెలుసుకోవాలి.

అసలైన కథోలిక పాఠశాలను గుర్తించడం కష్టం కాదు. దానిని ఒక మేత్రాసనమో, ఒక మఠవాస సభో నడుపుతుంది. మేత్రాసనం అంటే ఒక బిషప్పు పాలనలోని ప్రాంతం. అనంతపురం జిల్లా 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం పరిధిలోకి వస్తుంది. బడి ఏ మేత్రాసనానికి, ఏ సభకు చెందినదని అడిగితే నిజమైన కథోలిక బడి ఒక్క మాటలో సమాధానం చెబుతుంది.

జిల్లా ప్రజలకు మరొక సందేహం ఉంటుంది. ఆర్‌.డి.టి. బడులు కథోలిక బడులేనా అని. కావు. 1969లో అనంతపురం వచ్చి ఆర్‌.డి.టి.ని స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ ఒకప్పుడు జెస్విట్ సభ సభ్యుడే అయినా 1970లో ఆ సభను వీడారు. ఆ సంస్థ మత సంస్థ కాదు. పల్లెల్లో అది నడిపిన అనుబంధ పాఠశాలలు ప్రభుత్వ బడిలో చదివే పేద పిల్లలకు ఉదయం, సాయంత్రం తోడ్పడేందుకు ఉద్దేశించినవి.

నిజానికి ఈ సీమకు కథోలిక గురువులు కొత్త కాదు. 18వ శతాబ్ది ఆరంభంలోనే ఫ్రెంచి జెస్విట్ గురువులు పుంగనూరు నుంచి బుక్కపట్నం, ధర్మవరం వైపు దాకా సంచరించారు. తెలుగు, సంస్కృతం నేర్చుకున్నారు. వారిలో కల్మెట్ అనే గురువు 1730లలో వేద ప్రతులు సేకరించి పారిస్‌లోని రాజ గ్రంథాలయానికి పంపించారు. బడులు మాత్రం చాలా తరువాతి సంగతి. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ పాఠశాల 1847లో, హైదరాబాద్‌లో ఆల్ సెయింట్స్ పాఠశాల 1855లో ఆరంభమయ్యాయి. జె.ఎం.జె. సభ కన్యలు నెదర్లాండ్స్ నుంచి గుంటూరుకు వచ్చింది 1904లో.

శిశు తరగతుల్లో: కూర్చోవడం, వినడం, అడగడం

నర్సరీ, ఎల్‌.కె.జి., యు.కె.జి. తరగతుల్లో నేర్పవలసినది పుస్తకంలో తక్కువ, పుస్తకం బయట ఎక్కువ. బిడ్డ తన పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరి పేరు చెప్పగలగాలి. చేతులు కడుక్కుని అన్నం తినడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, పక్కనున్న బిడ్డ పలక లాక్కోకపోవడం, అవసరం వస్తే నోరు తెరిచి అడగడం ఈ వయసు చదువు. పాటలు, కథలు, రంగులు, గింజలు లెక్కపెట్టడం దానిలో భాగం. బలపం, పెన్సిలు పట్టే వేళ్లకు బలం రావడానికి మట్టితో బొమ్మలు చేయించడం, పూసలు గుచ్చించడం మంచి బడి లక్షణం. శిశు విద్యలో ప్రపంచానికి దారి చూపిన మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని పేదల వాడలో తన మొదటి శిశు గృహం తెరిచారు. గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడిమించి నేర్పిన ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం కారణంగా కొన్నేళ్లు మన దేశంలోనే ఉండిపోయారు.

ఉదయం బడి ప్రారంభంలో ఒక చిన్న ప్రార్థన ఉంటుంది. సాధారణంగా అది అన్ని మతాల పిల్లలూ చెప్పదగిన మాటలతో దేవునికి కృతజ్ఞత తెలిపేదిగా ఉంటుంది. ఆవరణలో మరియమాత గుహ ఉంటుంది. దాని ముందు నుంచి పోతూ శిలువ గుర్తు వేసుకునే బిడ్డను చూసి కొందరు తల్లిదండ్రులు కలవరపడతారు. అది తోటి పిల్లలను చూసి చేసే అనుకరణ. ఇంట్లో దేవుని పటం ముందు దండం పెట్టే బిడ్డ బడిలోనూ ఏదో ఒకటి అనుకరిస్తుంది.

ఈ వయసులో ఇంటిపని పేరుతో నాలుగు పేజీలు రాయించే బడిని ‘బాగా చదివిస్తున్నారు’ అని మెచ్చుకోవడం మన వాళ్ల అలవాటు. మూడున్నర ఏళ్ల బిడ్డ వేళ్లు అందుకు సిద్ధంగా ఉండవు. ఈ మాట బడివారితో అనడానికి డిగ్రీలు అక్కరలేదు.

ఒకటి, రెండు తరగతులు: ఇక్కడే పునాది

మొత్తం చదువులో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. 2021లో కేంద్రం చేపట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడవ తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలని లక్ష్యం పెట్టుకుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా పేర్కొన్నది.

కథోలిక బడులు రాష్ట్ర ప్రభుత్వ సిలబస్‌ను అనుసరిస్తే ప్రభుత్వ బడిలో ఉండే పాఠ్యాంశాలే ఇక్కడా ఉంటాయి. తెలుగు, ఇంగ్లీషు, గణితం. మూడవ తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం. చర్చి నడిపినంత మాత్రాన గణితం మారదు. తేడా ఉంటే నేర్పే తీరులో, బడి క్రమం తప్పకుండా నడవడంలో ఉండాలి.

మన ప్రాంతంలో చిక్కు భాషతో వస్తుంది. సరిహద్దు పల్లెల్లో కొన్ని ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. వీధిలో తెలుగు. బడిలో ఇంగ్లీషు. మూడు భాషల నడుమ ఆరేళ్ల బిడ్డ ఏ భాషలోనూ ఒక వాక్యం పూర్తిగా చదవలేని స్థితిలో పడుతున్నది. బోర్డుపై రాసినదాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుంటుంది. అర్థం అడిగితే నేల చూస్తుంది. దించుకోవడం వేరు, చదవడం వేరు అని చదువురాని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పడం లేదు.

ఇక్కడ కథోలిక విద్యా చరిత్రలోనే ఒక పాఠం ఉన్నది. 17వ శతాబ్దిలో ఫ్రాన్సులో పిల్లలకు చదవడం లాటిన్‌తో మొదలుపెట్టేవారు. పేద పిల్లలకు అది ఎంతకూ అంటేది కాదు. 1680 ప్రాంతంలో రెయిమ్స్ నగరంలో బడులు నడిపిన జాన్ బాప్తిస్త్ దె లా సాల్ అనే గురువు ఆ పద్ధతిని తిరగవేసి, ముందు వారి మాతృభాష ఫ్రెంచిలో చదవడం నేర్పించారు. పిల్లలను ఒక్కొక్కరిగా కాక స్థాయిని బట్టి తరగతులుగా కూర్చోబెట్టి బోధించే పద్ధతి వ్యాపించడంలోనూ ఆయన బడుల పాత్ర పెద్దది. 1950లో కథోలిక సంఘం ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతునిగా ప్రకటించింది. ఆయన పటం గోడకు పెట్టుకుని, తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడి ఏదైనా ఉంటే అది తన గురువు చెప్పిన పాఠమే మరచినట్లు.

పరీక్ష ఇట్లా చేయవచ్చు. రెండవ తరగతి బిడ్డ ముందు చౌకధరల దుకాణం వద్ద అంటించే నోటీసు వంటిదో, దినపత్రిక శీర్షికో పెట్టి బిగ్గరగా చదవమనండి. తడబడినా ఫరవాలేదు. చదివిన తరువాత ‘అందులో ఏముంది?’ అని అడగండి. సొంత మాటల్లో చెబితే చదవడం వచ్చినట్లు. పాఠ్యపుస్తకం ఇచ్చి చదివిస్తే మోసపోతారు. అది ఇదివరకే కంఠస్థం అయి ఉంటుంది.

మూడు నుంచి ఐదు: సత్యోపదేశం ఎవరికి, నీతిబోధ ఎవరికి?

తల్లిదండ్రుల సందేహాలన్నీ ఈ దశలోనే మొదలవుతాయి. వారానికి ఒకటి రెండు పీరియడ్లు తరగతి రెండుగా చీలుతుంది. కథోలిక పిల్లలు ఒక గదికి పోతారు. తక్కినవారు మరొక గదిలో ఉంటారు. మొదటి గదిలో జరిగేది సత్యోపదేశం. రెండవ దానిలో జరిగేది నీతిబోధ. దీనినే మోరల్ సైన్స్ అనీ, విలువల విద్య అనీ అంటారు.

సత్యోపదేశంలో కథోలిక పిల్లలు పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం నేర్చుకుంటారు. పది ఆజ్ఞలు, బైబిలు కథలు వింటారు. తొమ్మిది, పదేళ్ల లోపు వారిని మొదటిసారి దివ్యసత్ప్రసాదం స్వీకరించడానికి సిద్ధం చేస్తారు. అంతకుముందు పాపసంకీర్తనం, అంటే చేసిన తప్పులను గురువు వద్ద ఒప్పుకోవడం నేర్పుతారు. ఒకప్పుడు పది, పన్నెండేళ్లు దాటేవరకు పిల్లలకు సత్ప్రసాదం ఇచ్చేవారు కారు. 1910లో పదవ పయస్ పోప్ మంచిచెడ్డలు గ్రహించే వయసు, అంటే సుమారు ఏడేళ్లు వస్తే చాలునని ఆదేశించారు. 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం కూడా ఏడేళ్లు నిండిన బిడ్డకు వివేకం ఉన్నట్లే భావిస్తుంది. చాలా చోట్ల ఈ సిద్ధపాటు బడిలో కంటే ఆదివారం నాడు విచారణ గుడిలో, ఉపదేశి చేతుల మీదుగా జరుగుతుంది. బడిలో జరిగేది దానికి తోడు మాత్రమే.

ఇతర మతాల పిల్లలకు ఈ బోధ ఉండదు. ఉండకూడదు కూడా. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకునే హక్కు ఇచ్చింది. అదే రాజ్యాంగం 28వ అధికరణం మూడవ భాగం విద్యార్థికి రక్షణ ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు లేదా ప్రభుత్వ సాయం పొందే ఏ విద్యాసంస్థ అయినా విద్యార్థిని మతబోధకు గానీ, మత ఆరాధనకు గానీ హాజరు కావాలని నిర్బంధించరాదు. మైనరు అయితే సంరక్షకుని సమ్మతి ఉండాలి. ఈ రెండు అధికరణాలూ ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయని తల్లిదండ్రులూ, బడివారూ ఇరువురూ గుర్తుంచుకోవాలి. కథోలిక సంఘం మాట కూడా దీనికి విరుద్ధం కాదు. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్యపై వెలువరించిన ప్రకటన తల్లిదండ్రులే బిడ్డలకు తొలి, ప్రధాన విద్యాదాతలని పేర్కొన్నది. కథోలికులు కాని విద్యార్థులు చదివే బడులను సంఘం ఎంతో ఆదరంగా చూస్తుందని కూడా అందులో ఉన్నది.

నీతిబోధలో ఏముంటుంది? అబద్ధం చెప్పకపోవడం, దొరికిన వస్తువు తిరిగి ఇవ్వడం, పెద్దలను గౌరవించడం, జంతువులను హింసించకపోవడం, కులం పేరుతో తోటివారిని దూరం పెట్టకపోవడం వంటివి కథల రూపంలో చెబుతారు. పాఠ్యపుస్తకాన్ని ఒకసారి ఇంటికి తెప్పించుకుని ఎవరిచేతనైనా చదివించుకుంటే అనుమానాలన్నీ తీరిపోతాయి. ఇందులో రెండు రకాల బడులు కనిపిస్తాయి. కొన్ని ఈ పీరియడ్‌ను ప్రాణంగా చూస్తాయి. మరికొన్నింటిలో పరీక్షలు దగ్గరపడగానే గణితం మాస్టారు ఆ పీరియడ్‌ను లాక్కుంటారు. నీతికి మార్కులు లేవు కదా!

ఈ దశలో పిల్లలు నేర్చే మరొక విషయం ఇవ్వడం. క్రీస్తు శ్రమలను తలచుకునే తపస్సు కాలంలో పిల్లలు చిరుతిండి మాని, ఆ చిల్లరను ఒక డబ్బాలో వేసి పేద పిల్లలకు పంపే ఆచారం కథోలిక బడుల్లో ఉన్నది. పిల్లలకు పిల్లలే సాయపడాలన్న భావనతో 1843లో ఫ్రాన్సులో ఒక సంఘం ఏర్పడింది. ఈ ఆచారం వెనుక ఉన్న తలంపు అదే. కరువు సీమ పిల్లవాడు ఇవ్వగలిగేది రూపాయి, రెండు రూపాయలే. ఇచ్చానన్న తలంపు మాత్రం వాడికి మిగులుతుంది. అయితే ఇది స్వచ్ఛందంగా ఉండాలి. తరగతిలో ఎవరెంత ఇచ్చారో పేర్లు చదివే పద్ధతి లేని పిల్లలను చిన్నబుచ్చుతుంది.

చదువు విషయానికి వస్తే, ఐదవ తరగతి పూర్తయ్యేనాటికి బిడ్డ ఒక పేజీ తెలుగు, అర పేజీ సులభమైన ఇంగ్లీషు చదివి అర్థం చెప్పాలి. సెలవు చీటీ తానే రాయాలి. తొమ్మిది బస్తాల కాయలు, బస్తాకు 40 కిలోల చొప్పున మొత్తం ఎంత, క్వింటాళ్లలో ఎంత అని అడిగితే 360 కిలోలు, మూడు క్వింటాళ్ల 60 కిలోలు అని చెప్పాలి. మూడెకరాల 40 సెంట్ల భూమిని అన్నదమ్ములిద్దరికీ పంచితే ఒక్కొక్కరికి ఎకరా 70 సెంట్లు అని కాగితం మీద వేసి చూపాలి. ఈ లెక్కలు బిడ్డకు వచ్చినవీ లేనివీ ఏ రైతుకైనా తెలిసిపోతాయి. ఈ విషయంలో పరీక్షాధికారి ఇంట్లోనే ఉన్నాడు.

ఆరు, ఏడు: జారిపోయే మెట్టు

ఆరవ తరగతిలో హిందీ వచ్చి చేరుతుంది. సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం విడివిడి పుస్తకాలవుతాయి. ఒకే టీచరు స్థానంలో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచరు వస్తారు. కింది తరగతుల్లో దించుకుంటూ గట్టెక్కిన పిల్లవాడు ఇక్కడ బయటపడతాడు. పాఠం అర్థం కాదు, అడగడానికి సిగ్గు. కరువు ప్రాంతంలో బడి మానివేతకు ఈ రెండు మూడేళ్లే అనువైన కాలం. పిల్లవాడు మేకల వెంట పోగలడు, ఆడపిల్ల కాయలు ఒలవగలదు, తమ్ముణ్ణి ఎత్తుకోగలదు. ఫీజు బాకీ పడిన ఇంట్లో ఆ మాట ఎవరూ బయటికి అనకపోయినా అందరి మనసుల్లోనూ ఉంటుంది.

2022 ఆగస్టు 27న కార్డినల్‌గా నియమితులైన పూల ఆంథోనీ ఉదంతం ఇక్కడ చెప్పుకోదగినది. ఈ హోదా పొందిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే. అప్పటి కర్నూలు జిల్లాలోని చిందుకూరులో పుట్టిన ఆయన పేదరికం వల్ల ఏడవ తరగతి తరువాత చదువు ఆపవలసి వచ్చిందనీ, మిషనరీల సాయంతో తిరిగి చదువు సాగించారనీ అప్పట్లో పత్రికలు రాశాయి. అనంతపురం జిల్లాతో కూడిన కర్నూలు మేత్రాసనానికి ఆయన 2008 నుంచి 2020 వరకు పీఠాధిపతిగా ఉన్నారు. ఏడవ తరగతి వద్ద జారిన పిల్లలందరికీ అట్లాంటి చేయూత దొరకదు. అందుకే ఈ దశలో బడిని తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ‘నా బిడ్డ వెనుకబడితే బడి అయిన తరువాత ఎవరు చెబుతారు? దానికి వేరే డబ్బు కట్టాలా?’

ఫీజు రాయితీ మాట కూడా ఇక్కడే తేలాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. కానీ మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును పునఃపరిశీలించాలంటూ 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. అందువల్ల కథోలిక బడిలో ఉచిత సీటును చట్టం పేరు చెప్పి డిమాండు చేయడం కష్టం. అయితే పేద పిల్లలకు తమంతట తాముగా ఫీజు తగ్గించే పద్ధతి చాలా మఠాల బడుల్లో ఉన్నది. ప్రధానోపాధ్యాయినిని నేరుగా కలిసి ఇంటి పరిస్థితి చెప్పాలి. ఫీజు బాకీ పడ్డాక ముఖం చాటేయడం కంటే జూన్‌లోనే అడగడం మేలు. తల్లికి వందనం పథకం కింద 2025 జూన్‌లో ఒక్కో విద్యార్థికి 13 వేల రూపాయల చొప్పున తల్లుల ఖాతాల్లో జమ చేశారు. ప్రైవేటు బడి పిల్లలకూ అది వర్తించింది. ఆ సొమ్ము విత్తనాల కొట్టుకు పోకుండా బడికి చేరిన ఇళ్లెన్నో ఎవరి మనస్సాక్షి వారికి తెలుసు. కరువు ఇంట్లో అది అనుకున్నంత తేలిక కాదు.

ఎనిమిది నుంచి పది వరకు

ఎనిమిదవ తరగతి నుంచి విజ్ఞానశాస్త్రం భౌతిక, జీవ శాస్త్రాలుగా విడిపోతుంది. బోరు ఎందుకు ఎండుతుంది, భూగర్భ జలం ఎట్లా చేరుతుంది అన్నవి పాఠాలుగా వస్తాయి. ప్రయోగశాల ఉన్నదా, పిల్లలు దానిలో అడుగు పెడుతున్నారా అన్నది అడగాలి. గాజు సీసాలను బీరువాలో పెట్టి తాళం వేసిన ప్రయోగశాలలు జిల్లాలో కొదువ లేదు.

కథోలిక పిల్లలకు ఈ వయసులో భద్రమైన అభ్యంగనం ఇస్తారు. చిన్ననాడు తల్లిదండ్రులు ఇప్పించిన జ్ఞానస్నానాన్ని పెద్దయ్యాక తామే దృఢపరచుకునే సంస్కారం ఇది. సాధారణంగా దీనిని ఇచ్చేది పీఠాధిపతి. ఆయన విచారణకు వచ్చినప్పుడే జరుగుతుంది కనుక వేర్వేరు వయసుల పిల్లలు ఒకేసారి స్వీకరించడం కద్దు. ఇతర విద్యార్థులకు ఈ దశలో నీతిబోధ కథల నుంచి చర్చల్లోకి మారుతుంది. వరకట్నం, బాల్యవివాహం, మద్యపానం, స్నేహాలు, కోపం వంటి విషయాలు మాట్లాడతారు. వృద్ధాశ్రమాలకు, ఆసుపత్రులకు తీసుకుపోవడం, ఊరు శుభ్రం చేయించడం వంటి సేవా కార్యక్రమాలు ఉంటాయి. ఆగస్టు 15 ఈ బడుల్లో రెండు విధాల పండుగ. ఉదయం జాతీయ జెండా ఎగురవేస్తారు. కథోలికులకు అదే రోజు మరియమాత మోక్షారోపణ పండుగ కావడంతో వారు దివ్యబలిపూజకు పోతారు.

పదవ తరగతి పరీక్ష అందరికీ ఒకటే. రాష్ట్ర బోర్డు ప్రశ్నపత్రం కథోలిక బడి అని తేడా చూపదు. మార్కుల జాబితాలో నీతిబోధ ఉండదు. 2000 తరువాత కార్పొరేట్ బడులు మొదలుపెట్టిన ర్యాంకుల పోటీలో కథోలిక బడులు కూడా కొంత చిక్కుకున్నాయి. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది వరకు చదివించాలని ఒత్తిడి చేసేది తల్లిదండ్రులే అన్న మాటలో నిజం ఉన్నది. ఆటస్థలం ఉన్న బడిని వెతుక్కుని చేర్చి, తొమ్మిదవ తరగతిలో ఆటలు మానిపించమని అడిగేదీ మనమే.

కులం పత్రం, పుట్టిన తేదీ

ఒక భయాన్ని గురించి రాయకుండా ఉండలేము. ఎస్సీ కుటుంబాల్లో కొందరు ‘సిస్టర్ల బడిలో చదివితే కుల ధ్రువీకరణ పత్రం పోతుందేమో’ అని శంకిస్తారు. చదివినంత మాత్రాన ఏమీ కాదు. బడి మారితే మతం మారదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్ని బట్టి ఎస్సీ హోదాను నిర్ణయించింది. హిందువులకు మొదట, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా వర్తించింది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బి.సి.-సి వర్గంలోకి వస్తారు. దానికి రిజర్వేషను ఒక శాతం మాత్రమే. కనుక ప్రవేశ దరఖాస్తులో కులం, మతం గడుల్లో ఏమి రాస్తున్నారో తల్లిదండ్రులు దగ్గర నిలబడి చదివించుకోవాలి. తొందరలో గుమాస్తా రాసిన ఒక్క మాట పదేళ్ల తరువాత తహశీల్దారు కార్యాలయం చుట్టూ తిప్పుతుంది.

ఊరు విడిచి పోవలసివస్తే టి.సి. తీసుకోవాలి. ఫీజు బాకీ వల్ల అది ఆలస్యమైనా, ఎనిమిదవ తరగతి లోపు బిడ్డను టి.సి. రాలేదన్న కారణంతో ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండరాదని విద్యాహక్కు చట్టం చెబుతున్నది.

పుట్టిన తేదీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జనన ధ్రువీకరణ పత్రంలోని తేదీనే వేయించాలి. శిశు తరగతిలో వేసిన తేదీయే పదవ తరగతి సర్టిఫికెట్‌లోకి పోతుంది, దాని నుంచి ఉద్యోగంలోకీ పోతుంది. ఈ విలేకరి పుట్టినది శెనక్కాయలు పెరికే కాలంలోనని అమ్మ చెబుతుంది. బడిలో చేర్చుకున్న అయ్యవారు జూన్ ఒకటి అని వేసుకున్నారు. ఆ తరగతిలో సగం మందికి అదే పుట్టినరోజు.